చెమ్మకూ ఒక తేదీ ఉంటుంది: పిరనీస్ కొండల్లోని ఓ రోమనెస్క్ చర్చి కేసు

పాత కట్టడాల సంరక్షణ నా వృత్తి. కట్టడం చరిత్రను రిపోర్టు మొదటి అధ్యాయంలో పెట్టి, రెండో అధ్యాయం నుంచి మర్చిపోవడం మా రంగంలో మామూలే. ఈ కేసులో మాత్రం రోగం ఏమిటో చెప్పింది ఆ చరిత్రే. ల్యాబు పరీక్షలు తర్వాత దాన్ని ఖాయం చేశాయి. అందుకే రాస్తున్నాను. చర్చి పేరు, ఊరు, లోయ చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. ఆ ప్రాంతం గురించి రాసింది మాత్రం అందరికీ అందుబాటులో ఉన్న చరిత్రే.

నేపథ్యం

స్పెయిన్‌కు ఈశాన్య మూలన కటలోనియా. దాని ఉత్తరపు సరిహద్దు పిరనీస్ పర్వతాలు. 11, 12 శతాబ్దాల్లో ఈ కొండ లోయల్లో దాదాపు ఊరికో రాతి చర్చి లేచింది. వీటి కట్టుబడి పద్ధతిని లొంబార్డ్ రోమనెస్క్ అంటారు. రోమనెస్క్ అంటే మధ్యయుగపు యూరప్ కట్టడాల శైలి. ఇటలీ ఉత్తర ప్రాంతం నుంచి వచ్చిన తాపీ పనివాళ్ళ తీరు అది. సుత్తితో చదును చేసిన చిన్న రాళ్ళు వరుసలుగా పేర్చడం, గోడ మీద నిలువు పట్టీలు, చూరు కింద తెరుచుకోని చిన్న కమానుల వరుస, తూర్పు చివర అర్ధచంద్రాకారంగా బయటికి వచ్చే ఆప్స్, పక్కన జంట కిటికీల గంట గోపురం దీని గుర్తులు. ఆప్స్ అంటే బలిపీఠం ఉండే భాగం.

ఈ చర్చిల్లో పేరున్నవి వాల్ దె బొయి లోయలో ఉన్నాయి. అక్కడి తొమ్మిది చర్చిలను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. తవుల్ గ్రామంలోని సాంత్ క్లిమెంత్ చర్చిని 1123 డిసెంబరు 10న ప్రతిష్ఠించారు, అదే ఊళ్ళోని సాంతా మరీయాను మర్నాడే. సాంత్ క్లిమెంత్‌కు ఇంత కచ్చితమైన తేదీ దొరకడానికి కారణం లోపలి స్తంభం మీద రంగుతో రాసిన శాసనం. చాలా కొండ చర్చిలకు ఆ అదృష్టం లేదు. మా చర్చికీ లేదు. గోడ పని, ఆప్స్ ఆకారం చూసి 11వ శతాబ్దం చివరా, 12వ శతాబ్దం మొదలా అని చెప్పుకోవడమే.

మా చర్చి చిన్నది. ఒకే హాలు, దాని మీద పొడవాటి కమాను కప్పు, తూర్పున ఒక ఆప్స్. తలుపు దక్షిణం వైపు. ఉత్తరం గోడకు ఒక్క కిటికీ కూడా లేదు. చలిగాలి వచ్చేది అటునుంచే కాబట్టి అది ఇక్కడి వాడుక. గోడలు దాదాపు మీటరు మందం. బయటా లోపలా రాతి ముఖాలు, మధ్యలో రాళ్ళముక్కలూ సున్నమూ కలిపి పోసిన నింపుడు. కప్పుకు మాత్రం తోస్కా అనే తేలికైన, బుడగలు బుడగలుగా ఉండే సున్నపు రాయి వాడారు. గోడల మీద బరువు తగ్గించడానికి ఆనాటి మేస్త్రీలు వేసిన లెక్క అది.

ఆప్స్ అడుగు భాగంలో, సున్నం పూతల కింద, ఒక కుడ్యచిత్రం ముక్క మిగిలింది. ఇది ఇంకా గోడ మీదే ఉండటం విశేషం. 1907లో వాస్తుశిల్పి జుజెప్ పూచ్ ఇ కదఫాల్క్ నాయకత్వంలో బార్సిలోనా నుంచి వచ్చిన పరిశోధక బృందం ఈ లోయల చిత్రాలను బయటి ప్రపంచానికి చూపించింది. చూపించాక కొనేవాళ్ళూ వచ్చారు. 1919లో సాంతా మరీయా దె ముర్ చర్చి ఆప్స్ చిత్రాలను గోడ నుంచి తీసి అమ్మేశారు, అవి చివరికి బోస్టన్ మ్యూజియం చేరాయి. దాంతో కంగారుపడిన బార్సిలోనా మ్యూజియం అధికారులు మిగిలిన వాటిని తామే కొని, 1919, 1923 మధ్య ఇటలీ నిపుణుల చేత ఊడదీయించి తీసుకెళ్ళారు. పద్ధతి పేరు స్ట్రాప్పో. చిత్రం మీద జంతువుల జిగురుతో గుడ్డ అంటించి, ఆరాక లాగితే రంగు పొర సన్నటి తోలులా గుడ్డతో పాటు వచ్చేస్తుంది. మా చర్చిలోని ముక్క అప్పట్లో సున్నం కిందా, దాని ముందు నిలబెట్టిన బరోక్ కాలపు చెక్క పీఠం వెనకా దాగి ఉండటం వల్ల ఎవరి కంటా పడలేదు. ఆ చెక్క పీఠం 1936 అంతర్యుద్ధంలో, ఆ ప్రాంతంలో చాలా చర్చిల్లో జరిగినట్టే, మంటల్లో పోయింది.

మా దగ్గరికి వచ్చిన సమస్య

ఉత్తరం గోడ లోపలి వైపు ఎప్పుడూ తడే. గార ఉబ్బి రాలుతోంది. కింద పచ్చగా నాచు, పైన తెల్లటి ఉప్పు. ఆప్స్‌లో చిత్రం ముక్క మీద ఏటా వసంతంలో సన్నటి తెల్లపొర తేలుతోంది, తుడిస్తే రంగు కూడా వేలికి వస్తోంది. కప్పులో హాలు పొడవునా ఒక పగులు, పడమటి గోడలో నిలువుగా ఇంకొకటి.

ఊరి పెద్దలు అడిగింది రెండు పనులు. చెమ్మ ఆపాలి. లోపలి గార మొత్తం తీసేసి రాయి బయటికి కనిపించేలా చేయాలి, ఎందుకంటే "అసలు రోమనెస్క్ అంటే రాయే కదా". ఈ రెండో కోరికను మేము అప్పటికి పక్కన పెట్టాం. అప్పుడే కాదంటే మొదటి మీటింగులోనే గొడవ మొదలయ్యేది, పైగా కాదనడానికి మా చేతిలో ఆధారమూ లేదు.

అందరి నోటా ఉన్న నిర్ధారణ ఏమిటంటే, కొండ పక్కన కట్టిన చర్చి కాబట్టి నేల తేమ గోడలోకి ఎక్కుతోంది, తొమ్మిది వందల ఏళ్ళుగా ఇంతే. పగుళ్ళకు కారణంగా 1373లో రిబగోర్సా ప్రాంతాన్ని కుదిపిన భూకంపాన్ని చెప్పేవారు. రెండూ నమ్మదగ్గట్టే ఉన్నాయి. భూకంపం నిజంగా వచ్చింది, నేల నిజంగానే తడిగా ఉంది.

అంతకు ముందు చేసిన వైద్యాలు

మేము వచ్చేసరికే ఈ గోడ మీద చాలా ప్రయోగాలు జరిగాయి. 1970ల్లో పెద్ద మరమ్మతు జరిగింది. ఆ ప్రాంతంలో జలవిద్యుత్ పనులతో రోడ్లూ సిమెంటూ అప్పటికే కొండల్లోకి వచ్చేశాయి, గట్టిగా ఉండాలంటే సిమెంటే అనే నమ్మకం అన్ని దేశాల్లోనూ ఉన్న కాలం. బయటి గార గీకేసి రాళ్ళ మధ్య సిమెంటు పాయింటింగ్ చేశారు. లోపల నడుం ఎత్తు వరకు సిమెంటు గార వేశారు. కప్పు మీద పాత పలకరాళ్ళు తీసి, గోడల పైన చుట్టూ కాంక్రీటు బీము పోసి, కొత్త పైకప్పు వేశారు.

ఆ తర్వాత ఇంకో దఫా గోడ అడుగున వరసగా రంధ్రాలు చేసి చెమ్మను ఆపే రసాయనం ఎక్కించారు. ఇటుక గోడలో ఒక్కోసారి పనిచేసే పద్ధతి ఇది. మధ్యలో రాళ్ళముక్కల నింపుడు ఉన్న మీటరు గోడలో ద్రవం అడ్డంగా పొరలా పరుచుకోదు, ఖాళీ దొరికిన చోటల్లా కిందికి కారిపోతుంది. రంధ్రాల వరస ఇప్పటికీ కనిపిస్తుంది. వాటికి పైనా కిందా తడి ఒకటే. తర్వాత లోపల డీహ్యూమిడిఫయర్ పెట్టారు. అది గాలిలో తేమ లాగినకొద్దీ గోడ మరింత నీటిని లోపలి ముఖం వైపు పంపింది, ఉప్పు ఇంకా ఎక్కువ తేలింది. కొన్నాళ్ళకు తీసేశారు.

చెప్పుకోవాల్సింది ఏమిటంటే, ఈ వైద్యాలన్నీ ఒకే ఊహ మీద నిలబడ్డాయి: చెమ్మ పాతది, కింద నుంచి వస్తోంది. ఆ ఊహను ఎవరూ పరీక్షించలేదు.

ఎప్పటి నుంచి తడుస్తోంది?

ఇక్కడే మేము వేరే దారి పట్టాం. చెమ్మ ఎక్కడి నుంచి వస్తోంది అనే ప్రశ్న ఆపి, ఎప్పటి నుంచి వస్తోంది అని అడిగాం. కట్టడంలో ప్రతి మార్పుకూ ముందూ వెనకా ఉంటాయి. ఏ పొర దేని మీద ఉంది, ఏది దేన్ని కోసింది అని చూస్తే వరస తెలుస్తుంది. పురావస్తు తవ్వకాల్లో మట్టి పొరలను చదివే పద్ధతే, గోడ మీద.

మొదట పగులు. అది కప్పుకు సంబంధించింది, చెమ్మకు కాదు అనుకోవచ్చు. కానీ రెండూ ఒకే చోట మొదలవుతున్నట్టు నాకు అనిపించింది. పరంజా ఎక్కి దగ్గరగా చూస్తే, పగులు మధ్యయుగపు గారను చీల్చింది, దాని మీద 17, 18 శతాబ్దాల సున్నం పూతలను చీల్చింది, వాటి మీద ఉన్న 1970ల పెయింటును కూడా చీల్చింది. 1373లో పడిన పగులైతే తర్వాతి పూతలు దాని లోపలికి దిగి అంచులను కప్పేయాలి. ఇక్కడ అంచులు శుభ్రంగా, పదునుగా ఉన్నాయి. పడమటి గోడలో నిలువు పగులు సరిగ్గా కాంక్రీటు బీము చివర నుంచి దిగుతోంది. ఎండకూ చలికీ పొడవాటి కాంక్రీటు బీము సాగుతుంది, ముడుచుకుంటుంది. సున్నంతో కట్టిన గోడ ఆ ఒత్తిడిని ఒక చోట కాకపోతే ఇంకో చోట వదిలేస్తుంది. భూకంపం పాపం నిర్దోషి, కనీసం ఈ పగుళ్ళ విషయంలో.

రెండో ఆధారం ఒక పాత ఫోటో. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఈ లోయల చర్చిలను చాలామంది ఫోటోలు తీశారు. ఆర్కైవులో మా చర్చి ఫోటో దొరికింది. నేను మొదట చిత్రకళ ఏమైనా కనిపిస్తుందా అని చూశాను. పనికొచ్చింది వేరే. ఫోటోలో తలుపు దగ్గర పైకి ఎక్కే మెట్లున్నాయి. ఇప్పుడు లోపలికి వెళ్ళాలంటే ఒక మెట్టు కిందికి దిగాలి. అంటే ఆ తర్వాత చుట్టూ నేల లేచింది. ఫోటోలో పైకప్పు పలకరాళ్ళు గోడను దాటి బాగా బయటికి వచ్చి ఉన్నాయి, చూరు నీడ గోడ మీద పడుతోంది. ఇప్పుడు చూరు దాదాపు లేదు. బీము పోసినప్పుడు పైకప్పును దాని అంచుకు సరిగ్గా కత్తిరించినట్టు ఆపేశారు, చూడ్డానికి నీటుగా ఉంటుందని కాబోలు. పైకప్పు నీళ్ళూ కరిగే మంచూ నేరుగా గోడ మీదుగా కారుతున్నాయి.

నేల ఎందుకు లేచింది? ఇక్కడ ఊరి చరిత్ర కావాలి. ఉత్తరం వైపు దారికి తారు వేసినప్పుడు దాన్ని ఎత్తు చేశారు. వాన నీరు అంతకు ముందు వాలు దారిలో పోయేది, ఇప్పుడు చర్చి గోడ అడుగుకు చేరుతోంది. తేదీ మునిసిపాలిటీ కాగితాల్లో ఉంది, 1970ల మరమ్మతుకు కాస్త ముందు.

మూడో ఆధారం మీద నేను ఎక్కువ సమయం పెట్టాను. 17వ శతాబ్దంలో ఆప్స్ పక్కన ఒక చిన్న సాక్రిస్టీ గది కట్టారు, పాదిరి దుస్తులూ పాత్రలూ ఉంచుకునే గది. అది పాత చర్చి గోడ బయటి ముఖానికి ఆనించి కట్టారు కాబట్టి ఆ ముఖం వానకు తడవకుండా నాలుగు వందల ఏళ్ళు దాగిపోయింది. ఆ గది అటక మీదికి ఎక్కి లైటు పెడితే, మధ్యయుగపు బయటి గోడ దాని అసలు గారతోనే ఉంది. సున్నపు గార, తడిగా ఉండగానే దాని మీద పదునైన పనిముట్టుతో గీతలు గీశారు, పెద్ద పెద్ద చెక్కుడు రాళ్ళతో కట్టినట్టు కనిపించడానికి. అంటే ఈ రాయి బయటికి కనిపించాలని ఆనాటి మేస్త్రీ అనుకోలేదు. వాల్ దె బొయిలోని సాంత్ జొవాన్ దె బొయి చర్చిని మరమ్మతు చేసినప్పుడు గోడలకు మళ్ళీ గార పూసి, చిత్రాల నకళ్ళు పెట్టి, దాదాపు మొదటి రూపాన్ని చూపించారు. అక్కడ తెలిసిందే ఇక్కడ మన కళ్ళ ముందు దొరికింది. పోస్టుకార్డుల మీది నల్లరాతి చర్చి 1970ల సృష్టి.

మూడు ఆధారాలూ ఒకే దశాబ్దం వైపు వేలు చూపిస్తున్నాయి: చూరు పోయింది, గార పోయింది, నేల లేచింది, బీము వచ్చింది. తొమ్మిది వందల ఏళ్ళ చెమ్మ కాదు, యాభై ఏళ్ళ చెమ్మ.

ఇప్పుడు కొలతలు

ఇంత కథ అల్లుకున్నాక దాన్ని పడగొట్టే ప్రయత్నం చేయాలి. గోడలో వేర్వేరు ఎత్తుల్లో, వేర్వేరు లోతుల్లో సన్నటి డ్రిల్లుతో పొడి తీసి, తూకం వేసి, ఎండబెట్టి మళ్ళీ తూచాం. చేతిలో పట్టుకుని గోడకు ఆనించే విద్యుత్ మీటర్లు ఇలాంటి చోట నమ్మదగ్గవి కావు, ఉప్పు ఉంటే అవి లేని నీటిని కూడా చూపిస్తాయి.

నేల తేమే కారణమైతే గోడ అడుగున తడి ఎక్కువగా ఉండి పైకి పోయేకొద్దీ తగ్గాలి. ఇక్కడ అడుగున ఎక్కువ, మధ్యలో తగ్గింది, బీము కింద మళ్ళీ పెరిగింది. నీటికి రెండు దారులున్నాయన్న మాట. ఉప్పులు కూడా అదే చెప్పాయి. కింద ఎక్కువగా నైట్రేట్లు. చర్చి చుట్టూ శతాబ్దాల పాటు సమాధులు చేసిన నేలలో అవి ఉండటం సహజం. కటలోనియాలో చర్చి చుట్టూ ముప్పై అంగల నేలను సగ్రేరా అనేవారు. రూసియోన్ ప్రాంతంలో 1027లో జరిగిన సభతో బలపడిన 'దేవుని శాంతి' నియమాల ప్రకారం అక్కడ ఎవరి మీదా దాడి చేయకూడదు. బతికినవాళ్ళు ధాన్యం దాచుకోవడానికీ చనిపోయినవాళ్ళను పూడ్చడానికీ అదే చోటు. పైన ఎక్కువగా సల్ఫేట్లు. బీములోంచీ సిమెంటు పాయింటింగ్‌లోంచీ కరిగి వచ్చినవి. చిత్రం ముక్క మీద తేలుతున్న తెల్లపొరలో రెండూ ఉన్నాయి.

గోడ మధ్యలో నీరు ఎందుకు ఆరడం లేదు అన్నదానికి జవాబు సిమెంటు. సున్నపు గార నీటిని లోపలికి రానిస్తుంది, బయటికీ పోనిస్తుంది. సిమెంటు పాయింటింగ్‌లో సన్నటి బీటలు ఉంటాయి, వాటిలోంచి వాన నీరు లోపలికి పోతుంది. తిరిగి ఆవిరై బయటికి రావాలంటే ఆ దారి చాలదు. శీతాకాలంలో ఆ నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఒక రాత్రి గడ్డకట్టడం, పగలు కరగడం, కొండల్లో ఇది శీతాకాలమంతా. ఉత్తరం గోడలో రాళ్ళ అంచులు ఊడిపోవడానికి కారణం అదే.

హైదరాబాదులో చదువుకున్న వాళ్ళకు ఇది కొత్త కాదు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనుల్లో 20వ శతాబ్దపు సిమెంటు పొరలు తీసి మళ్ళీ సున్నం వేశారు. మన డంగు సున్నం మేస్త్రీలకు తెలిసిందే ఇక్కడి ముసలి మేస్త్రీ ఒకాయన తన మాటల్లో చెప్పాడు. తేడా వాతావరణంలో ఉంది, ఆ తేడా తర్వాత మమ్మల్ని ఇబ్బంది పెట్టింది.

తీసుకున్న నిర్ణయాలు, నిలవనివి

మొదటి ఆలోచన ఉత్తరం వైపు గోడ పక్కన లోతుగా కాలువ తవ్వి, నేలను పాత మట్టానికి దించడం. పుస్తకాల్లో ఉండే జవాబు. పరీక్షకు చిన్న గుంట తవ్వగానే రెండు విషయాలు తెలిశాయి. పునాది చాలా లోతులేనిది, చాలా చోట్ల కొండ రాయి మీదే నేరుగా గోడ లేచింది. రెండోది, ఎముకలు. సగ్రేరా నేల కాబట్టి ఆశ్చర్యం లేదు. పురావస్తు నిపుణురాలు పని ఆపించారు, ఆపించడం సరైనదే. గోడ వెంబడి లోతు కాలువ తవ్వితే సమాధులూ పోతాయి, పునాది కింద మట్టీ జారుతుంది. ఆ ఆలోచన అక్కడితో వదిలేశాం.

కాంక్రీటు బీమును తీసేయాలా అన్నది అందరికంటే ఎక్కువ టెన్షన్ పెట్టిన ప్రశ్న. చెడంతా దానితో వచ్చింది కాబట్టి తీసేయడం న్యాయంగా అనిపిస్తుంది. కానీ కమాను కప్పు గోడలను బయటికి తోస్తుంది. యాభై ఏళ్ళుగా ఆ తోపును కొంత ఈ బీమే పట్టుకుని ఉంది. స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క ప్రకారం, కప్పు మొత్తానికి కింద నుంచి ఊతం పెట్టకుండా దాన్ని కోస్తే గోడలు కదలవచ్చు. ఊతం పెట్టాలంటే ఖర్చు, దానికి మించి ఆప్స్ చిత్రం పక్కన నెలల తరబడి పరంజా. పాత కట్టడాల సంరక్షణకు అంతర్జాతీయ నియమావళి అయిన వెనిస్ చార్టర్ 1964లో చెప్పింది, కట్టడంలో ప్రతి కాలపు విలువైన చేర్పునూ గౌరవించాలని. కాంక్రీటు బీమును గౌరవించడం నాకు మనసొప్పలేదు, కానీ ఉండనివ్వడానికి ఒప్పుకున్నాను. చివరలను గోడ నుంచి విడదీసి, కదలడానికి కాస్త జాగా ఇచ్చాం. పగుళ్ళలోకి పల్చటి సున్నపు ద్రావణం ఎక్కించాం.

సున్నం ఎంపికలో ముందు పరీక్ష పట్టీలు వేశాం, ఒక శీతాకాలం వాటిని వదిలేశాం. గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో మాత్రమే గట్టిపడే మామూలు సున్నం దక్షిణం వైపు చక్కగా నిలిచింది. ఉత్తరం వైపు వసంతం వచ్చేసరికి పొరలుగా ఊడిపోయింది. ఎండ లేని చల్లటి గోడ మీద అది గట్టిపడేలోపే మంచు పట్టేసింది. మన దగ్గర డంగు సున్నానికి ఈ మంచు భయం లేదు. ఇక్కడ పనికాలం జూన్ నుంచి సెప్టెంబరు వరకే, అదీ రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందికి పడనంత వరకే. నీటితో కూడా గట్టిపడే సహజ హైడ్రాలిక్ సున్నంలో గట్టి రకం వేసిన పట్టీ చలికి చెక్కు చెదరలేదు, కానీ తోస్కా రాయి పక్కన దాని అంచు మరీ గట్టిగా ఉంది, మళ్ళీ సిమెంటు కథే అవుతుంది. మధ్య రకం సరిపోయింది. కాబట్టి ఉత్తరానికి అది, దక్షిణానికీ లోపలికీ మామూలు సున్నం. ఒక చర్చికి ఒకే మిశ్రమం అని టెండరులో రాసి ఉంటే ఈ పని చెడిపోయేది. కాంట్రాక్టరును ఒప్పించడానికి ఆ పట్టీలే పనికొచ్చాయి.

పనిచేసింది

చూరు తిరిగి తెచ్చాం. బీము మీదుగా చెక్క దూలాలు బయటికి పెట్టి, పలకరాళ్ళు గోడను దాటి వచ్చేలా వేశాం. ఫోటోలోని చూరు లోతే కొలతగా తీసుకున్నాం. నిజం చెప్పాలంటే ఈ ఒక్క పనే సగం సమస్య తీర్చింది. తర్వాతి కొలతల్లో బీము కింద ఉన్న తడి తగ్గిపోయింది.

కింద లోతు కాలువకు బదులు నేల మీదే పని చేశాం. ఉత్తరం వైపు దారి వాలు మార్చి, గోడకు కాస్త ఎడంగా రాళ్ళు పరిచిన, లోతు తక్కువ కాలువ వేశాం. సమాధుల మట్టాన్ని అది తాకదు. దారిని పాత మట్టానికి దించమని మునిసిపాలిటీని అడిగాం, ట్రాక్టర్లు వెళ్ళాలి కాబట్టి పూర్తిగా ఒప్పుకోలేదు. కొంతే దించారు. అందుకే కింది తడి తగ్గుతోంది కానీ నెమ్మదిగా.

సిమెంటు పాయింటింగ్‌ను చేతి ఉలులతో తీయించాం. యంత్రంతో చేస్తే పని త్వరగా అయ్యేది, రాళ్ళ అంచులు పోయేవి. లోపల నడుం ఎత్తు సిమెంటు గార తీసేసి దాని చోట మెత్తటి, బొరియలున్న సున్నపు గార వేశాం. ఇది బలి గార. ఉప్పు దీనిలోకి వచ్చి దీన్నే పాడుచేయాలి, రాయిని కాదు. పాడయ్యాక తీసి మళ్ళీ వేయాలి. ఈ సంగతి ఊరివాళ్ళకు ముందే కాగితం మీద రాసిచ్చాం. లేకపోతే కొన్నేళ్ళకు గార రాలినప్పుడు పని చెడింది అనుకుని ఎవరో మళ్ళీ సిమెంటు తెస్తారు.

బయటి గార దగ్గర ఊళ్ళో నిజంగానే గొడవ అయింది. పర్యాటకులు రాతి చర్చి చూడ్డానికి వస్తారు, మీరు దాన్ని తెల్లటి ఇల్లు చేస్తారా అన్నారు. నేను వాదించలేదు, సాక్రిస్టీ అటక మీదికి తీసుకెళ్ళి గీతలు గీసిన ఆ గార చూపించాను. కొందరు మారారు, కొందరు మారలేదు. చివరికి ఉత్తరం గోడకు పూర్తిగా గార పూశాం. దక్షిణం వైపు, ఊరు చూసే వైపు, రాళ్ళ ముఖాలు సగం కనిపించేలా సున్నాన్ని రాళ్ళ మట్టానికి నింపి వదిలేశాం. ఇది రాజీ. చరిత్రపరంగా నాకు పూర్తిగా నచ్చలేదు. కానీ సున్నం ఉంది, గోడ ఊపిరి తీసుకుంటోంది. ఆ వైపు వాన దెబ్బ కూడా తక్కువ.

హీటర్ల గురించి ఒక్క మాట. ఆదివారం ప్రార్థన ముందు గంటసేపు హాలంతా వేడి చేసేవారు. తర్వాత ఆపేసేవారు. గోడలోని ఉప్పు ప్రతి వారం ఒకసారి ఎండి గడ్డకట్టడానికి, మళ్ళీ కరగడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. బెంచీల కింద మనుషులకు తగిలేలా చిన్న హీటర్లు పెట్టించాం. పాదిరిగారు ఒప్పుకోవడానికి చలే సాయం చేసింది, పాత పద్ధతిలో కాళ్ళకు వేడి అసలు తగిలేది కాదు.

మిగిలింది చిత్రం ముక్క. దాన్ని స్ట్రాప్పో పద్ధతిలో తీసి బోర్డు మీద పెట్టి మ్యూజియానికి ఇవ్వాలన్న సూచన వచ్చింది. అది ఆ చర్చిలో ఉన్న ఒక్కటే మధ్యయుగపు చిత్రం. తీస్తే ఉప్పు నుంచి కాపాడినట్టే. కానీ స్ట్రాప్పోలో రంగు పైపొర మాత్రమే వస్తుంది, కింది పొరలో ఉన్న గీతలూ రంగూ గోడలోనే ఉండిపోతాయి. తవుల్ లోనూ తీసేసిన చోట గోడల మీద మిగిలిన ఆనవాళ్ళను ఇప్పటికీ అధ్యయనం చేస్తున్నారు. పైగా ఉప్పుకు మూలమైన నీటిని మేము ఇప్పుడే ఆపాం, దాని ఫలితం తేలకముందే చిత్రాన్ని తీయడం తొందరపాటు. కాబట్టి అక్కడే ఉంచాం. ఉప్పును తడి గుజ్జు పట్టీలతో లాగడం సంరక్షణ నిపుణులు వసంతంలో చేస్తున్నారు. తెల్లపొర తగ్గింది, పోలేదు. అడుగు అంచు ఇంకా పొడి రాలుతోంది, దారి నుంచి వచ్చే నీరు కారణం కావచ్చు. తర్వాతి శీతాకాలం కొలతల్లో గోడ అడుగున తడి తగ్గడం ఆగిపోతే దారి మట్టం విషయం మునిసిపాలిటీతో మళ్ళీ తేల్చుకోవాలి, చిత్రాన్ని కదిలించే మాట దాని తర్వాతే.